గినీపిగ్ గూటికి కాపలా: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో పశువైద్యం చేస్తున్న నా దగ్గరికి గినీపిగ్‌లు, తెల్ల ఎలుకలు, హ్యామ్‌స్టర్లు వైద్యానికి రావడం ఇటీవల బాగా పెరిగింది. ఇవన్నీ మూషిక వర్గానికి చెందినవి. కుందేలు ఆ వర్గంలోది కాదని శాస్త్రజ్ఞులు 1912లోనే వేరు చేశారు గానీ, గూటి విషయంలో ఇక్కడ చెప్పే జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. ఇంట్లో చోటు చాలక పెరట్లో గూడు కట్టిన వారు, తెల్లవారేసరికి గూడు ఖాళీ అయిందనో, పిల్లలు మాయమయ్యాయనో బాధపడుతూ వస్తుంటారు. వివరంగా అడిగితే, చాలాసార్లు అసలు తప్పు గూటి గురించి వారు నమ్మిన మాటల్లోనే బయటపడుతుంది.

అపోహ: కోళ్ల జాలీ బిగిస్తే ఏ జంతువూ లోపలికి రాలేదు.

ఆరు పలకల కళ్లున్న ఆ పల్చని జాలీ కోడిని లోపల ఉంచడానికి తయారైనది, వేటాడే జంతువును బయట ఆపడానికి కాదు. వీధికుక్క పళ్లతో పట్టి లాగితే అది చిరుగుతుంది, పెద్ద కళ్ల జాలీ అయితే ఎలుక అందులోంచి నేరుగా దూరిపోతుంది. ఎదిగిన ఎలుకకు 20 మిల్లీమీటర్ల కంత చాలు, చిట్టెలుకకు 6, 7 మిల్లీమీటర్లయినా సరిపోతుంది. అందువల్ల గినీపిగ్ గూటికి అర అంగుళం కళ్లున్న, జింకు పూత పూసిన వెల్డెడ్ మెష్‌ను, తెల్ల ఎలుకలకూ హ్యామ్‌స్టర్లకూ పావు అంగుళం కళ్లదాన్ని వాడాలి. దానిని మేకులతో కొట్టి వదిలేయకుండా, వెడల్పాటి వాషర్లు వేసి స్క్రూలతో బిగించాలి, ఎందుకంటే మెష్ ఎంత గట్టిదైనా చట్రం దగ్గర ఊడివస్తే దాని వల్ల ప్రయోజనం లేదు. భోగాపురం, కళింగపట్నం, సోంపేట వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి తీగ త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి, అక్కడివారు ఆరు నెలలకొకసారి నేల దగ్గరి తీగను చేత్తో నొక్కి పరీక్షించుకోవాలి.

అపోహ: గూటిని కాళ్ల మీద ఎత్తులో నిలబెడితే భయం లేదు.

ఎత్తు కొంత మేలు చేస్తుందన్నది నిజమే. తవ్వి వచ్చే పందికొక్కుకూ కుక్కకూ పని కష్టమవుతుంది. కానీ జెర్రిపోతు చక్కగా ఎక్కగలదు, కొబ్బరి తోటల్లో తిరిగే మానుపిల్లికి చెట్టెక్కడమే జీవనం. ఇంతకంటే నన్ను బాధపెట్టేది గూటి అడుగు సంగతి. అడుగున జాలీ మాత్రమే వేసి పైకెత్తిన గూళ్లలో, కింది నుంచి పిల్లి గానీ పందికొక్కు గానీ లోపలి జంతువు కాలివేళ్లను పట్టి కొరికేస్తుంది. గూడు ఎక్కడా చెదరదు, తలుపు వేసినట్టే ఉంటుంది, లోపల జంతువు మాత్రం రక్తం కారుతూ పడి ఉంటుంది. అడుగున చెక్క పలక వేసి దాని మీద వరిగడ్డి పరచాలి. జాలీయే తప్పనిసరి అయితే, రెండు మూడు అంగుళాల ఎడంతో రెండో జాలీని బయటివైపు బిగించాలి. గూటి కాళ్లకు నున్నటి రేకును రెండున్నర, మూడు అడుగుల ఎత్తు వరకు చుట్టితే ఎలుకలు పాకలేవు, అయితే పక్కన చెట్టుకొమ్మ గానీ గోడ గానీ గూటికి ఆనుకుని ఉంటే ఆ శ్రమ వృథా అవుతుంది. కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడం చీమలకు మాత్రమే అడ్డు.

నేల మీదే గూడు పెట్టేవారు, మెష్‌ను గోడ వెంట కిందికి దించి, అక్కడి నుంచి బయటివైపుకు అడుగు నుంచి అడుగున్నర వరకు నేలపై పరిచి, మట్టితోనూ రాళ్లతోనూ కప్పాలి. తవ్వే జంతువు సాధారణంగా గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెట్టి, కాళ్లకు తీగ తగలగానే వదిలేస్తుంది.

అపోహ: ప్రమాదం రాత్రిపూటే.

మన పెరళ్లలో పగటి వేటగాళ్లు తక్కువేమీ కాదు. ముంగిస పగలే తిరుగుతుంది, జెర్రిపోతు పగటి పామే, కాకులూ గద్దలూ పైకప్పు లేని గూటిలోంచి పిల్లలను ఎత్తుకుపోతాయి. అందువల్ల కాసేపు గడ్డి మేయడానికి పెట్టే చిన్న ఆవరణకు కూడా పైన మెష్ ఉండాలి. రాత్రి వంతు పందికొక్కుది, మానుపిల్లిది, అడవిపిల్లిది. కట్లపాము కూడా రాత్రే తిరుగుతుంది కాబట్టి, చీకటి పడ్డాక టార్చి లేకుండా గూటి దగ్గరికి వెళ్లకూడదు, లోపలి దాగుడు పెట్టెలో చూడకుండా చెయ్యి పెట్టకూడదు.

అపోహ: గంధకం, వెల్లుల్లి, ఫినాయిల్, కలరా ఉండలు చల్లితే పాములు రావు.

వీటి వాసనకు పాములు వెనుదిరుగుతాయన్న నమ్మకానికి ఆధారం లేదు. పైగా ఫినాయిల్ ఆవిరీ కలరా ఉండల ఆవిరీ గూటిలోని జంతువుల చిన్న ఊపిరితిత్తులకే హాని చేస్తాయి. పామును రప్పించేది ఎక్కువగా గూటి కింద రాలిన దాణా. దాణాకు ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాము వస్తుంది. సాయంత్రం మిగిలిన మేతను తీసివేయడం, దాణాను మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచడం, పక్కన ఇటుకల కుప్పలూ కొబ్బరి మట్టలూ పేర్చకుండా ఉండడం, ఈ మూడూ ఏ మందు కంటే బాగా పనిచేస్తాయి. ఉద్దానం వైపు ఎలుగుబంట్లు తిరిగే గ్రామాల్లో పండ్ల తొక్కలూ బెల్లం కలిపిన మేతా బయట వదలకపోవడం మరీ ముఖ్యం. ఎలుగును ఏ గూడూ ఆపలేదు, అది కనిపిస్తే అటవీశాఖకు కబురు చేయాలి.

అపోహ: ఎలుకల మందు పెట్టి, బోను వేసి, పీడ వదిలించుకోవచ్చు.

ఎలుకల మందుగా వాడే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును విడుదల చేస్తుంది, దానికి విరుగుడు లేదు. బ్రోమడయోలోన్ అనే మరో ఎలుకల మందు రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజుల్లో చంపుతుంది, ఆ రోజుల్లో మత్తుగా తిరిగే ఎలుకను తిన్న గుడ్లగూబా పెంపుడు పిల్లీ కూడా దెబ్బతింటాయి. ఎలుకలు ఎరను మోసుకుపోయే జీవులు కాబట్టి, ఆ ముక్క మీ గినీపిగ్ గూటి అంచునే పడవచ్చు. ఇక ముంగిస, అడవిపిల్లి, నాగుపాము, జెర్రిపోతు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి, వాటిని చంపడం గానీ మనంతట మనమే పట్టి వేరేచోట వదలడం గానీ నేరం. ఒక ముంగిసను తరిమినా ఖాళీ అయిన చోటికి ఇంకొకటి వస్తుంది. బోనులో చిక్కిన ముంగిస కరిస్తే, గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి, రేబిస్ టీకా కోసం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గూటి చుట్టూ కరెంటు తీగ పెట్టే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి, ఆ తీగకు మొదట తగిలేది మీ ఇంటి పిల్లలే కావచ్చు.

అపోహ: చుట్టూ పట్టా కప్పేస్తే జంతువులు చూడలేవు, కాబట్టి రావు.

అవి వాసనతో వస్తాయి. గినీపిగ్ చల్లని ఆండీస్ కొండల సంతతి, 28 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మన మే నెల ఉక్కలో పట్టా కింద అది వడదెబ్బతో పోతుంది. ఒక వైపు మాత్రం కప్పి, గాలి ఆడనివ్వండి. 2014లో హుద్‌హుద్‌ను, 2018లో తిత్లీని చూసిన మనకు వేరే చెప్పనక్కరలేదు, తుపాను హెచ్చరిక రాగానే గూటితో సహా ఇంట్లోకి తేవాలి.

అపోహ: లోపలికి రాలేదు కాబట్టి నష్టం లేదు.

కుక్క జాలీ చుట్టూ అరుస్తూ తిరిగినా గినీపిగ్ బెదిరి మేత మానేస్తుంది, మేత మానిన గినీపిగ్‌కు ఒక్కరోజులోనే పేగులు మందగించి ప్రాణం మీదికి వస్తుంది. పిల్లి గోరు గీరిన చిన్న గాటు కూడా చీము పట్టేదే. అటువంటప్పుడు ఇంట్లో మిగిలిన అమోక్సిసిలిన్‌ను మాత్రం నోట్లో పోయకండి. పెన్సిలిన్ జాతి మందులు గినీపిగ్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి, కొన్ని రోజుల్లో ఆ జంతువునే చంపగలవు. గాయాన్ని శుభ్రమైన ఉప్పునీటితో కడిగి, గుడ్డలో చుట్టి, అదే రోజు వైద్యుని దగ్గరికి తీసుకురండి.