నెలాఖరు మనసుకు నెల మొదటి నిర్ణయం

డబ్బుకు ఇబ్బంది పడుతున్న మనిషి గురించి నలుగురూ అనే మాట ఒకటుంది: ముందుచూపు లేదు. ముందుచూపు లేకే ఇబ్బంది వచ్చిందని సులువుగా నమ్మేస్తాం. ఇబ్బందే ముందుచూపును తగ్గిస్తుందేమో అని ఆలోచించేవాళ్లు తక్కువ. ఆనంది మణి, సెంథిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ ఝావో 2013లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఆ రెండో ప్రశ్ననే పట్టుకుంది.

ఆ పరిశోధనలో ఒక భాగం కోసం తమిళనాడులో 464 మంది చెరకు రైతులను ఎంచుకున్నారు. చెరకు మీద వచ్చే ఆదాయం ఏడాదికి ఒకసారి, కోత తర్వాత వస్తుంది. కోతకు ముందు చేతిలో డబ్బు ఆడదు. వస్తువులు తాకట్టు పెట్టడం, అప్పు చేయడం అప్పుడే ఎక్కువ. ఆ రైతులకే కోతకు ముందొకసారి, తర్వాత ఒకసారి ఒకే రకం పరీక్షలు పెట్టారు. బొమ్మల వరుసలో లోపించిన ముక్క ఏదో గుర్తుపట్టడం వాటిలో ఒకటి. దానికి చదువుతో పెద్దగా పని లేదు, బుర్ర చురుగ్గా ఉంటే చాలు. అదే మనిషి కోతకు ముందు తడబడ్డాడు, డబ్బు చేతికొచ్చాక మెరుగ్గా చేశాడు. అందరి పొలాల్లోనూ కోత ఒకేసారి జరగదు కాబట్టి ఇది ఎండదో వానదో ప్రభావం అనుకోవడానికి లేదు. తిండి, ఒళ్లలుపు లాంటి కారణాలనూ పరిశీలించి, తేడా అంతా వాటివల్ల వచ్చింది కాదని తేల్చారు.

ఈ పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది, పోల్చింది పేదవాడినీ ధనవంతుడినీ కాదు, ఒకే మనిషిని రెండు సమయాల్లో. కొన్ని నెలల తేడాలో మనిషి స్వభావం మారిపోదు, తెలివి పెరగదు. మారింది జేబు ఒక్కటే. మన ధ్యాసకు ఒక హద్దు ఉంది. తీర్చాల్సిన అప్పు లోపల్లోపల తిరుగుతూ ఉంటే ఆ ధ్యాసలో కొంత దానికే పోతుంది. మిగిలిన కాస్తతో పిల్లల చదువు, ఆరోగ్యం, వచ్చే ఏడాది ఖర్చు అన్నీ ఆలోచించాలి.

ఇక్కడితో ఆగిపోతే సగం మాటే చెప్పినట్టు. 2016లో లియాండ్రో కార్వాల్యో, స్టీఫన్ మేయర్, స్టెఫనీ వాంగ్ అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లను జీతం రోజుకు ముందూ తర్వాతా పరీక్షించారు. ఈసారి బుర్ర చురుకులో తేడా కనిపించలేదు. కానీ జీతానికి ముందున్నవాళ్లు, కొంచెం ఆగితే ఎక్కువ డబ్బు వస్తుందన్నా ఇప్పుడే వచ్చే తక్కువ డబ్బు వైపు ఎక్కువగా మొగ్గారు. అంటే కొరత మనసును ఎంతవరకు మందగింపజేస్తుందన్న దానిమీద ఇంకా వాదన ఉంది. చూపును ఈ రోజుకు కట్టేస్తుందన్నది మాత్రం నాకు నమ్మదగినదిగానే కనిపిస్తోంది.

ఇదే నిజమైతే, నెలాఖరు టెన్షన్‌లో ఉన్న మనిషికి పొదుపు గురించి పాఠం చెప్పడం వల్ల ఉపయోగం తక్కువ. నిర్ణయాన్నే అక్కడి నుంచి తీసి, చేతిలో డబ్బూ మనసులో తీరికా ఉన్న రోజుకు మార్చాలి. ఈ మార్పుకు ఎంత బలం ఉందో బ్రిజిట్ మాడ్రియన్, డెనిస్ షే 2001లో చూపించారు. ఒక అమెరికన్ కంపెనీలో రిటైర్మెంట్ పొదుపు పథకంలో చేరాలంటే ఉద్యోగి తనంతట తాను ఫారం నింపాలి. అలా చేరినవాళ్లు 49 శాతం. తర్వాత నియమం తిరగేశారు: అందర్నీ చేర్చేస్తారు, వద్దనుకున్నవాళ్లు బయటికి పోవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లలో 86 శాతం ఉండిపోయారు. ఎవరి మీదా బలవంతం లేదు. ఎవరికీ కొత్తగా క్రమశిక్షణ నేర్పలేదు.

అయితే అదే పరిశోధనలో ఒక హెచ్చరికా ఉంది. చేరినవాళ్లలో ఎక్కువమంది, జీతంలో 3 శాతం అని కంపెనీ ముందే పెట్టిన పొదుపు దగ్గరే ఆగిపోయారు. మనల్ని పొదుపులో ఉంచిన బద్ధకమే, ఆ పొదుపు చాలకపోయినా కదలనివ్వదు. వాడని యాప్‌కు నెలనెలా డబ్బు కట్టించేదీ అదే బద్ధకం. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జి దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. ఇప్పుడు జీతంలో కోత వద్దు, జీతం పెరిగినప్పుడల్లా అందులో కొంత పొదుపుకు పోయేలా ఈ రోజే ఒప్పుకోండి అన్నారు. చేతికొచ్చే జీతం తగ్గదు కాబట్టి పోగొట్టుకున్నామన్న బాధ ఉండదు. మొదట అమలు చేసిన చోట 40 నెలల్లో పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది.

ఏది సులువైతే అటే పోతామన్న ఇదే సూత్రం ఖర్చు వైపు తలకిందులుగా పనిచేస్తుంది. నోట్లు లెక్కపెట్టి ఇస్తే చిన్న నొప్పి ఉంటుంది. ఆ నొప్పి తగ్గేకొద్దీ చేయి వదులవుతుంది. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో ఆట టికెట్లకు వేలం పెడితే, క్రెడిట్ కార్డుతో కట్టాలన్నవాళ్లు నగదు కట్టాలన్నవాళ్లకంటే బాగా ఎక్కువ పాడారు, కొన్నిచోట్ల రెట్టింపు దాకా. ఫోన్‌లో సేవ్ చేసి ఉంచిన కార్డు వివరాలు తీసేయడం చిన్న పనే. కానీ ప్రతి కొనుగోలుకూ ఆ పదహారు అంకెలు కొట్టాల్సి వస్తే, నిజంగా కావాలా అని మనల్ని మనం ప్రశ్నించుకునేందుకు కాస్త వ్యవధి దొరుకుతుంది.

ఇక మనస్తత్వం మాట. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది దుబారా కాదు, చూడకపోవడం. మార్కెట్ పడినప్పుడు మదుపరులు తమ ఖాతాలు తెరిచి చూడటం తగ్గిస్తారని 2009లో కార్ల్‌సన్, లోవెన్‌స్టైన్, సెప్పి చూపించారు. అప్పుల విషయంలోనూ మనలో చాలామంది అంతే. సిగ్గుతోనో భయంతోనో బ్యాంకు మెసేజ్ చదవరు. వడ్డీ మాత్రం ఆగదు. నెలకు 3 శాతం చక్రవడ్డీకి తీసుకున్న బాకీ కట్టకుండా రెండేళ్లు వదిలేస్తే ఎంత అవుతుంది? నోటి లెక్కన 24ను 3తో గుణించి 72 శాతం పెరుగుతుందనుకుంటాం. నిజానికి అసలుకు రెట్టింపు దాటుతుంది. వారానికొకసారి, ఒకే రోజున, ఎవరినీ నిందించకుండా, తనను తాను కూడా తిట్టుకోకుండా ఖాతా చూసుకోవడం ఒక అలవాటైతే ఆ భయం క్రమంగా పలచబడుతుంది.

ఇవేవీ చాలీచాలని సంపాదనను చాలేలా చేయవు. ఆదాయమే సరిపోని ఇంటికి అలవాట్ల గురించి ఉపన్యాసం ఇవ్వడం అన్యాయం. నెల జీతం లేనివాళ్లకు కంపెనీ కోత పెట్టే పథకాలూ అందవు. వాళ్లకు కూడా పనికొచ్చే ఏర్పాటును నావా అష్రాఫ్, డీన్ కార్లన్, వెస్లీ యిన్ ఫిలిప్పీన్స్‌లో పరీక్షించి 2006లో ప్రచురించారు. తాను పెట్టుకున్న తేదీ వచ్చేదాకానో, అనుకున్న మొత్తం చేరేదాకానో డబ్బు బయటికి తీయలేని ఖాతా అది. మామూలు ఖాతా కన్నా వడ్డీ ఒక్క పైసా ఎక్కువ రాదు. అయినా అడిగినవాళ్లలో 28 శాతం మంది తమ చేతులు తామే కట్టుకోవడానికి ముందుకొచ్చారు. ఏడాది తిరిగేసరికి, ఆ ఖాతా ఇవ్వజూపిన వర్గంలో సగటు పొదుపు మిగతావాళ్లతో పోలిస్తే 81 శాతం పాయింట్లు ఎక్కువ పెరిగింది.