గుండె దగ్గర ఫెయిలై పేగు దగ్గర పనికొచ్చిన ఐడియా

డయాలసిస్ పేషెంట్లలో ఫాస్ఫేట్ తగ్గించడానికి 2023 అక్టోబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ టెనపానార్‌కి ఓకే చెప్పింది, 2021లో ఇదే వాడకానికి కుదరదని తిప్పి పంపిన మందే ఇది. రక్తంలోకి దాదాపు వెళ్లదు, పేగులోనే ఉండి ఎన్‌హెచ్‌ఈ3 అనే ప్రోటీన్‌ని ఆపుతుంది. దీని వెనక పెద్ద కథే ఉంది.

కణం పనిచేస్తున్నంతసేపూ లోపల యాసిడ్ తయారవుతూనే ఉంటుంది, దాన్ని బయటికి నెట్టకపోతే కష్టం. అందుకే కణం పొరలో ఎన్‌హెచ్‌ఈలు (సోడియం-హైడ్రోజన్ మార్పిడి ప్రోటీన్లు, 1, 3 అంటూ నంబర్లతో రకాలున్నాయి) ఉంటాయి, ఒక సోడియం అయాన్‌ని లోపలికి తీసుకుని ఒక హైడ్రోజన్ అయాన్‌ని బయట పెడతాయి, అచ్చంగా ఇచ్చిపుచ్చుకోవడం. వీటికి ఏటీపీ (కణానికి ఇంధనం) ఖర్చు లేదంటారు గానీ ఊరికే రాలేదు లెండి, సోడియం బయట లీటరుకి 140 మిల్లీమోల్స్ దాకా, లోపల 10-15 మాత్రమే ఉండేలా సోడియం-పొటాషియం పంపు రాత్రీపగలూ చాకిరీ చేస్తుంటే ఇవి దాని కష్టం మీద బతుకుతాయి.

1974లో వెస్ట్, మిచెల్ ఈ మార్పిడిని ఈ.కోలై బ్యాక్టీరియాలో చూపించారు (కెమిస్ట్రీ నోబెల్ వచ్చిన పీటర్ మిచెలే ఈయన). రెండేళ్లకే మ్యూరర్, హోప్ఫర్, కిన్నే ఎలుక చిన్నపేగు, కిడ్నీ పొరల్లో పట్టుకున్నారు. 1989లో ఫ్రాన్స్‌లో పూసెగూర్ టీమ్ ఎన్‌హెచ్‌ఈ1 జీన్ దొరకబుచ్చుకుంది.

ఈలోపు అందరి చూపూ గుండె మీద పడింది. రక్తం ఆగితే గుండె కణంలో యాసిడ్ పేరుకుంటుంది, రక్తం మళ్లీ రాగానే ఎన్‌హెచ్‌ఈ1 ఆ యాసిడ్‌ని బయటికి తోస్తూ సోడియం కుమ్మరిస్తుంది, ఆ సోడియం వల్ల ఇంకో మార్పిడి ప్రోటీన్ రివర్స్‌లో నడిచి కాల్షియం లోపలికి తెస్తుంది, చివరికి కణాన్ని చంపేది ఆ కాల్షియమే. మరి ఎన్‌హెచ్‌ఈ1ని ఆపేస్తే సరిపోదా? జంతువుల్లో బాగానే పనిచేసింది. కారిపోరైడ్ అనే మందుతో 11,500 మందికి పైగా పెట్టి చేసిన గార్డియన్ ట్రయల్‌లో మొత్తం మీద ప్రయోజనం తేలలేదు, బైపాస్ వాళ్లలో మాత్రం ఎక్కువ డోసుకి కొంచెం ఆశ కనిపించింది. సరే వాళ్ల మీదే చూద్దామని 5,700 మందికి పైగా బైపాస్ పేషెంట్లతో ఎక్స్‌పెడిషన్ ట్రయల్ చేశారు. గుండెపోట్లు 18.9 శాతం నుంచి 14.4కి తగ్గాయి, నిజంగా తగ్గాయి, కానీ చావులు 1.5 నుంచి 2.2 శాతానికి పెరిగాయి, ముఖ్యంగా మెదడు స్ట్రోకుల వల్ల. అంతటితో ఆ మందు పని అయిపోయింది. ఎన్‌హెచ్‌ఈ1 ఒంట్లో దాదాపు ప్రతి కణంలో ఉంటుంది, ఒక్క గుండె కోసం అన్నిచోట్లా దాన్ని ఆపడం మొదటినుంచీ రిస్కే అని నాకనిపిస్తుంది.

టెనపానార్ ఆ ఇబ్బందిని రక్తంలోకి పోకుండానే తప్పించుకుంది. ఎన్‌హెచ్‌ఈ3 ఆగితే ప్రోటాన్లు (అవే హైడ్రోజన్ అయాన్లు) పేగు కణంలోనే నిలిచిపోయి, కణాల మధ్య సందుల్లోంచి ఫాస్ఫేట్ జారడం తగ్గుతుంది. సోడియం కూడా పేగులోనే ఉండిపోయి నీళ్లని తనతో ఉంచుకుంటుంది కాబట్టి విరేచనం పల్చనవుతుంది. 2019లో ఈ మందుకి మొదటి పర్మిషన్ వచ్చింది మలబద్ధకంతో ఉండే ఐబీఎస్ అనే పేగు జబ్బుకే. అక్కడ కావాల్సిన పనే డయాలసిస్ వాళ్లకి సైడ్ ఎఫెక్ట్.