హెల్మెట్టూ, బందెలదొడ్డీ

చిరంజీవులైన మనవలకు మీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఫోనులో మీరు అడిగిన ప్రశ్న మూడు రోజులుగా నన్ను వదలడం లేదు. మీ నాన్న హెల్మెట్టును బండి అద్దానికి తగిలించుకుని బయలుదేరి, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర పడగానే తలకు పెట్టుకుని, అది దాటగానే మళ్లీ తీసేస్తాడని చెప్పారు. "జరిమానా పదివేలు చేస్తే తియ్యడు కదా, తాతయ్యా?" అన్నారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 100 రూపాయలున్న ఆ జరిమానాను ఒక్కసారిగా 1,000 చేసింది. అయినా ఆ హెల్మెట్టు అద్దానికే వేలాడుతోందంటే, జరిమానా పెంచినంత మాత్రాన పని జరగదన్నమాట.

మా చిన్నతనంలో నాగావళి ఒడ్డున ఉన్న మా ఊళ్లో ఒక బందెలదొడ్డి ఉండేది. చేలో పడి మేసిన పశువును తోలుకెళ్లి అందులో పెట్టేవారు. 1871 నాటి చట్టం అందుకు ఆధారం. యజమాని జరిమానాతో పాటు మేత ఖర్చు కూడా కట్టి విడిపించుకోవాలి, ఎవరూ రాకపోతే పశువును వేలం వేసేవారు. వరి కోతలయ్యాక పొలాల్లో మినుము ఎదిగే రోజుల్లో మా ఎర్రావుకు పండగే. కాపలావాడు అంబలి తాగడానికి ఇంటికి వెళ్లే వేళ దానికి తెలిసినంత కచ్చితంగా వాడి పెళ్లానికైనా తెలియదు. అంతవరకు గట్టుమీద బుద్ధిగా గడ్డి కొరుకుతూ, వాడి తలపాగా మలుపు తిరగగానే చేలోకి దిగేది. సాయంత్రం ఇంటికి వచ్చిన దాని మూతికి మినుప ఆకు అంటుకుని ఉండేది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, తప్పు ఆవుది కాదు. రోజూ గడ్డి కొనడం కంటే ఎప్పుడో ఒకసారి అర్ధరూపాయి జరిమానా కట్టడమే చవకని మా ఇంటి పెద్దలు లెక్క వేసుకున్నారు. మీ నాన్నదీ అదే లెక్క. నూరుసార్లు వెళితే ఒక్కసారి పట్టుబడే చోట 1,000 రూపాయల జరిమానా కూడా ఒక్కో ప్రయాణానికి పది రూపాయలే పడుతుంది. 100 రూపాయలే అయినా అయిదుసార్లకు ఒకసారి పట్టుబడితే, ఇరవై పడుతుంది. అమెరికాలో గారీ బెకర్ అనే ఆర్థికవేత్త ఒకనాడు విద్యార్థికి పరీక్ష పెట్టవలసి ఉండగా ఆలస్యమై, కారును డబ్బిచ్చే చోట నిలపాలా, నిషేధమున్న వీధిలో నిలిపి జరిమానాకు సిద్ధపడాలా అని తర్కించుకుని, చివరికి వీధిలోనే నిలిపేశాడట. ఆయనకు జరిమానా పడలేదు కానీ, దొంగలూ ఇలాగే లెక్క వేసుకుంటారా అన్న ఆలోచన మాత్రం పట్టుకుంది. దాని మీద 1968లో ఆయన రాసిన వ్యాసం ప్రసిద్ధమైంది. 1992లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

మా ఊరి పెద్దలు కూడా మీలాగే ఆలోచించి జరిమానాను అయిదు రూపాయలు చేశారు. మేత దొంగతనాలు తగ్గకపోగా పెరిగాయి. ఎందుకంటే, అర్ధరూపాయి నాడు మొహమాటం లేకుండా ఆవును తోలుకెళ్లిన పొరుగు రైతు, అయిదు రూపాయలంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని జాలిపడి, పశువును అదిలించి వదిలేయడం మొదలుపెట్టాడు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. ఇంట్లో 40 షిల్లింగుల విలువైన సొత్తు దొంగిలిస్తే ఉరి అని చట్టముండగా, తీర్పు చెప్పవలసిన జూరీలు ముద్దాయిని ఉరికి పంపలేక ఆ సొత్తు విలువ 39 షిల్లింగులేనని తేల్చేవారు.

చివరికి మా ఎర్రావు మెడకు గుదిబండ కట్టారు. అడుగు వేసినప్పుడల్లా అది మోకాళ్లకు తగులుతుంటే పరుగెత్తలేక, దిగిన ప్రతిసారీ పట్టుబడి, నెల తిరగకుండానే ఆ చేను మరిచిపోయింది. కూడలిలో కెమెరా బండి నంబరు పలకను చదువుతుందని విన్నప్పుడు నాకు ఆ గుదిబండే గుర్తుకు వచ్చింది. అలాగని ప్రతి గట్టుకూ ఒక కాపలావాడిని పెడితే, వాడి కూలికే పంటంతా పోతుంది. కనుక కొంత మేత పోయినా ఓర్చుకోవలసిందే. వినడానికి బాగుండని మాటే, కానీ పోలీసుల సంఖ్య నిర్ణయించే వారెవరికైనా ఇది తప్పదు.

ఒక్కటి మాత్రం ఈ లెక్కలో ఇమడదు. ఒకరోజు మా దూడ ఎవరూ చూడని వేళ పక్కవారి చేలో మేసింది. చీకటిపడ్డాక మా అమ్మ కుంచెడు మినుములు కొలిచి, కొంగు కింద పెట్టుకుని వెళ్లి ఆ ఇంట్లో ఇచ్చి వచ్చింది. ఆమె ఎవరికి భయపడిందో ఈ వయసులోనూ నాకు బోధపడలేదు. మీరు చదువుకుని, తెలిస్తే నాకు చెప్పండి.

ఈలోగా వచ్చే ఆదివారం అమ్మను తోడు తీసుకుని, ఏడు రోడ్ల కూడలిలో ఒక పక్కగా అరగంట నిలబడి, హెల్మెట్టు తలమీద ఉన్నవారు ఎందరో, అద్దానికి తగిలించుకున్నవారు ఎందరో, మోచేతికి వేసుకున్నవారు ఎందరో కాగితం మీద గీతలు పెట్టండి. పోలీసు ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి లెక్కించి, రెండు కాగితాలూ నాకు పంపండి. మీ నాన్న బండి వస్తే దానికీ ఒక గీత పెట్టండి.

ఇట్లు,
మీ తాతయ్య