దేవతల కాళ్ళ కింద పీటలు

మనవలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో పద్యనాటకం వీడియో చూస్తూ చిట్టి ఓ ప్రశ్న అడిగింది. "తాతయ్యా, మామూలుగా మాట్లాడుకునేవాళ్ళు ఉన్నట్టుండి ఎందుకు పాడతారు? నువ్వంటే ఇష్టం అని చెప్పేస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది కదా!" ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. అప్పటినుంచీ అదే ఆలోచన.

అమ్మ పాలు కాచేటప్పుడు ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా? పొయ్యి మీద పెట్టగానే పొంగవు. ముందు అంచుల్లో సన్నటి బుడగలు వస్తాయి, తర్వాత పైన మీగడ ముడతలు పడుతుంది. అంతవరకూ అది మాట. ఇంక గిన్నెలో పట్టక పైకి లేస్తాయి చూడండి, అది పద్యం. నురగ అంచుదాకా వచ్చి ఒలకకుండా వణుకుతూ నిలబడితే అది రాగం. హార్మోనియం వాయించే ఆయన పొయ్యి దగ్గర అమ్మలాంటివాడు. మంట ఎప్పుడు ఎగదోయాలో, ఎప్పుడు తగ్గించాలో ఆయన చేతిలో ఉంటుంది. జనం "వన్స్‌మోర్" అని అరిచారంటే మళ్ళీ పొంగించమని. కాచినకొద్దీ పాలు చిక్కబడతాయి, పద్యమూ అంతే.

ఈ పొంగు సంగతి బాగా తెలిసినవారు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు. 1853లో పుట్టారు, బళ్ళారిలో వకీలు. బళ్ళారి ఇప్పుడు కర్ణాటకలో ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అది మైసూరు వైపు వెళ్ళింది. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, తెలుగూ కన్నడమూ రెండూ వినిపించే ఊరు. అక్కడ 1880లలో ఆయన సరస వినోదిని సభ అని ఒక నాటక సమాజం పెట్టి, 'చిత్రనళీయం' రాసి ఆడించారు. నలదమయంతుల ప్రేమకథ అది. పద్యాల పక్కన పాటలు కూడా పెట్టి, తానూ వేషాలు కట్టేవారు. పగలంతా కోర్టులో వాదించిన మనిషి చీకటి పడగానే రాగం ఎత్తుకోవడం ఒక్కసారి ఊహించుకోండి! అదేమీ కూడు పెట్టే పని కాదు. చేయకుండా ఉండలేక చేశారు. ఆయన మేనల్లుడే నటుడు బళ్ళారి రాఘవ, ఆయనా వకీలే. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని గట్టిగా పట్టుబట్టిన పెద్దమనిషి.

మా ఊళ్ళో మాత్రం నా చిన్నప్పుడు కూడా ఆడవేషం మగవాళ్ళదే. గుంతకల్లు పక్కన పల్లె మాది. ఒక ఏడాది ఉగాదికి ఊరివాళ్ళంతా కలిసి నలదమయంతుల నాటకం వేశారు. బడిపంతులుగారు నలుడు. బట్టలు కుట్టే ఆయన దమయంతి. మిగతావాళ్ళు రైతులు. సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచీ రోజూ రాత్రి గుడి అరుగు మీద రిహార్సల్సే.

కథ మీకు తెలుసు కదా. దమయంతి స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుగురూ నలుడి రూపంలోనే వచ్చి కూర్చుంటారు. ఎదురుగా అయిదుగురు నలులు! ఆ పిల్ల ఎవరి మెడలో దండ వేయాలి? దేవతలకు రెప్ప పడదు, చెమట పట్టదు, మెడలో పూలు వాడవు, కాళ్ళు నేలకు ఆనవు. అవి చూసి మనిషిని గుర్తుపట్టాలి.

కాళ్ళు నేలకు ఆనకుండా నిలబడటం ఎలా? మావాళ్ళు ఇళ్ళల్లోంచి నాలుగు పీటలు తెచ్చారు. తెర లేచేముందు చీకట్లో దేవతల కాళ్ళ కింద వాటిని సర్దడం నా పని. పంచె అంచు పీట మీదికి జారేలా లాగాలి, చెక్క కనపడకూడదు. ఒక పీట కుంటిది. దాని కింద రాయి పెట్టాను. అది కదిలితే నాటకం పోతుందేమోనని టెన్షన్‌తో తెర పక్కన గుంజ పట్టుకుని నిలబడ్డాను.

పెట్రోమాక్స్ లైట్లు రెండు. దేవతలు రెప్ప వేయకుండా ఉండటానికి పాపం ఎంత అవస్థ పడ్డారో, వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరగడం నాకు కనపడుతూనే ఉంది. దమయంతి దండ పట్టుకుని ఒక్కొక్కరి ముందూ ఆగుతోంది. చివర పంతులుగారు, ఉత్త నేల మీద. ముఖానికి పూసిన అర్దళం అనే పసుపురంగు మీద చెవి దగ్గర నుంచి ఒక చెమటచుక్క మెల్లగా దిగుతోంది. అది దిగిన మేరా ఆ రంగు చెరిగి, కింద అసలు నలుపు గీతలా బయటపడింది. దమయంతి ఆ గీత చూసింది. పక్కనున్న నేనూ చూశాను.

అప్పుడు దమయంతి "ఇతనే నలుడు" అనలేదు. పద్యం ఎత్తుకుంది.

చిట్టీ, నీ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అక్కడే ఉంది. మాట అయితే ఒక్క క్షణంలో అయిపోయేది. దమయంతి వేషం కట్టిన ఆయన రాగం తీస్తున్నంతసేపూ ముందు వరుసలో పిల్లల నుంచి వెనక బండి మీద కూర్చున్న ముసలమ్మ దాకా ఒక్కొక్కరికీ ఆ చెమట కనపడింది. "అడుగో, నేల మీద ఉన్నాడే!" అని చీకట్లో ఎవరో అరిచారు. ఆ పద్యం పాడుతున్నది పగలు నాకు నిక్కరు కుట్టిచ్చిన మనిషి గొంతే. ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. పాలు పొంగడం దగ్గరే నా పోలిక ఆగిపోయింది, అంతకుమించి చెప్పడం నా వల్ల కాదు.

ఏదో ఒక్క పని నేర్చుకుని, పదిమందితో కలిసి చేయండి నాయనా, డబ్బులు రాకపోయినా సరే. ఇంతకన్నా సుద్దులు చెప్పను.

శ్రీరామనవమికి మన గుడి దగ్గర నాటకం ఉంది, రండి. వెనక కుర్చీల్లో కూర్చోవద్దు, చాప తీసుకెళ్ళి హార్మోనియం పక్కనే వేసుకోండి. పద్యం మొదలవగానే నటుణ్ణి కాదు, హార్మోనియం ఆయన్ని చూడండి. ఎడమచెయ్యి తిత్తి ఊపుతుంటుంది, కుడిచేతి వేళ్ళు మెట్ల మీద ఆడుతుంటాయి. ఆయన కళ్ళు మాత్రం ఎక్కడున్నాయో చూసి, పొద్దున్నే నాకు చెప్పండి.

మీ తాతయ్య