తాతయ్య కాలి గురించి

చిన్నూకి, బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

కాలు తీసేశాక తాతయ్యకి ఏమవుతుందని మీరు అడిగితే మీ అమ్మ మాట దాటేసిందట. హైస్కూలుకొచ్చిన పిల్లలు, మీకు తెలియాలి. నర్సుగా పనిచేసినదాన్ని, నేనే చెబుతాను.

షుగర్ ఏళ్ళ తరబడి అదుపు తప్పితే పాదాల్లో స్పర్శ పోతుంది, రక్తనాళాలు పూడుకుంటాయి. చెప్పు కరిచినా తెలియదు. పుండు పడితే, రక్తం సరిగా అందదు కాబట్టి అది నయం కాదు. షుగర్ వల్ల కాలు పోయినవాళ్ళలో నూటికి 85 మందికి మొదలు అలాంటి పుండే.

తాతయ్యకి మోకాలు దక్కింది, నా ధైర్యమంతా అదే. మోకాలి కింద తీస్తే పెట్టుడు కాలితో నడవడానికి మామూలుకన్నా సుమారు 40 శాతం ఎక్కువ శక్తి కావాలి. పైన తీస్తే దాదాపు రెట్టింపు. అందుకే ఆ మోకాలి కింద దిండు పెట్టమని ఆయన ఎంత బతిమాలినా పెట్టకండి. అలా వంగే ఉంటే కీలు బిగుసుకుపోయి కాలు అమర్చడం కుదరదు. వాపు దిగడానికి రోజూ క్రేప్ బ్యాండేజీ కడుతున్నాను, చివర బిగువుగా, పైకి వచ్చేకొద్దీ వదులుగా. గాయం పూర్తిగా మానాక కొలతలు తీస్తారు. జైపూర్ కాలు పెట్టించాలని నా కోరిక. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి తయారుచేసిన రబ్బరు పాదం అది. చెప్పుల్లేకుండా గట్ల మీద నడవొచ్చు, మఠం వేసుకుని కూర్చోవచ్చు.

లేని బొటనవేలు మండుతోందని తాతయ్య అంటారు. నవ్వకండి. మెదడుకి ఆ కాలు ఇంకా ఉన్నట్టే, నొప్పి నిజమే. దానికి మందులున్నాయి.

కష్టమైన మాట కూడా చెప్పాలి. షుగర్‌తో ఇలా కాలు పోయినవాళ్ళలో సగం మంది దాకా ఐదేళ్ళు దాటరు. ఆపరేషన్ ఒక్కదాని వల్లే కాదమ్మా. కాలిలో పూడుకున్నట్టే గుండెలోనూ నాళాలు పూడుకుంటాయి, మూత్రపిండాలూ దెబ్బతింటాయి. బీపీ, కొలెస్ట్రాల్ మాత్రల దగ్గర నేను అంత గట్టిగా ఉండేది అందుకే. సిగరెట్ ఇక ఇంట్లో కనబడకూడదు.

ఇప్పుడు బరువంతా ఎడమ కాలి మీదే. రెండోదీ పోయినవాళ్ళని వార్డులో చాలామందిని చూశాను. సెలవులకి వచ్చినప్పుడు ఆ పాదం చూసే పని మీది. సెల్‌ఫోన్ లైటు వేసి అరికాలు, మడమ, వేళ్ళ సందులు చూడండి. ఎర్రగా కందినా, బొబ్బ లేచినా ఆయన "ఏం లేదులే" అంటారు, మీరు మాత్రం వెంటనే నాకు చెప్పండి. బాత్రూంకి కూడా ఒట్టి కాలితో వెళ్ళనివ్వకండి. స్నానానికి తోడిన నీళ్ళలో ముందు మీ మోచెయ్యి పెట్టి వేడి చూడండి.

మీ అమ్మమ్మ