ప్లేట్ల పిచ్చి మంచిదే, జేబు కూడా చూసుకోండి

నెల్లూరులో రికార్డు ప్లేయర్లు బాగుచేస్తుంటాను. ఒకప్పుడు మైకుసెట్ల వాళ్లే వచ్చేవాళ్లు, ఇప్పుడు ఇంజనీరింగ్ కుర్రాళ్లు వస్తున్నారు. కొత్త ఎల్పీ ప్లేటు, అంటే పాటల రికార్డు, చాలావరకు రెండు మూడు వేలు పలుకుతోంది. ఇష్టమైన పాటకి పెట్టారు, సరే. ఆ పైన వాళ్లూ వీళ్లూ చెప్పింది నమ్మి పోసే డబ్బు చూస్తేనే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: అమెరికా నుంచి తెప్పించిన ప్లేయరైతే ఇక తిరుగులేదు.

వాస్తవం: తిరుగుతుంది గానీ నిదానంగా తిరుగుతుంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టులు దిగుతాయి, హెర్ట్జ్ మాత్రం మారదు. పాత బెల్టు ప్లేయర్లలో చాలావాటి ఏసీ మోటారు వేగం ఆ హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన ప్లేటు ఇక్కడ 28 కూడా తిరగదు. ఐదు నిమిషాల పాట ఆరు నిమిషాలు సాగుతుంది, శ్రుతి మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. "అంకుల్, బాలు గారి గొంతు బొంగురుగా వస్తా ఉంది" అని కావలి నుంచి ఒకబ్బాయి ఆంప్లిఫయర్ మోసుకొచ్చాడు. దానికేం కాలేదు, పుల్లీ (మోటారుకుండే బెల్టు చక్రం) మార్చాల్సింది ప్లేయర్‌కి. 50 హెర్ట్జ్ పుల్లీ అన్ని మోడళ్లకీ దొరకదు. డీసీ మోటారుదైతే ఈ తంటా లేదు.

అపోహ: సూట్‌కేసు ప్లేయర్‌లో ఒక్కసారి పెడితే ప్లేటు నాశనం.

వాస్తవం: అంత లేదు. వాటిలో ముల్లు ప్లేటు మీద మోపే బరువు ఐదారు గ్రాములదాకా ఉంటుంది, మంచి మాగ్నెట్ కార్ట్రిడ్జికి (ముల్లు బిగించే భాగం) రెండు గ్రాములు చాలు. కాబట్టి అరుగుదల ఎక్కువే. కానీ ప్లేటుకి అసలు శత్రువు అరిగిన ముల్లు. వజ్రం ముల్లయినా సుమారుగా 500 నుంచి 1000 గంటలే. పదో ప్లేటు కొనే డబ్బుతో ముందు ముల్లు మార్చండి, అదే నా మాట.

180 గ్రాముల ప్లేటు బాగా పాడుతుందా? పాట గాడిలో ఉంటుంది, మందంలో కాదు.

అపోహ: ప్లేటంటే మొదటినుంచి చివరిదాకా డిజిటల్ కలవని అనలాగ్ పద్ధతే.

వాస్తవం: టేపుకీ ప్లేటుకీ మధ్యలో డిజిటల్ కాపీ వాడామని 2022లో అమెరికాలో ప్లేట్లు వేసే మొబైల్ ఫిడెలిటీ కంపెనీయే ఒప్పుకుంది. అప్పటిదాకా ఆ ప్లేట్లని మెచ్చుకున్నవాళ్లలో ఉద్దండులూ ఉన్నారు.

అపోహ: తాతగారి పాత ప్లేట్లు లక్షలు పలుకుతాయి.

వాస్తవం: మైకుసెట్ల మూటల్లో వచ్చేవి చాలావరకు అరిగిపోయినవే. ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టి చూడండి, నల్లగా మెరవాల్సిన గాడి బూడిదరంగుకి తిరిగి ఉంటే బేరం ఆడొద్దు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 ప్లేటుకి ఎల్పీ ముల్లు పనికిరాదు, లావు ముల్లు కావాలి.

ఇక మన రోహిణి కార్తె ఎండ సంగతి తెలిసిందే. కారులో ప్లేట్లు వదిలారో, వంకర తిరుగుతాయి. ఇంట్లోనూ ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టండి. పాత 78 ప్లేట్లు లక్కతో చేసినవి, స్పిరిట్‌తో తుడిస్తే కరుగుతాయి. నీళ్లలో ఒక చుక్క సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. లేబుల్ తడవనివ్వకండి, తుడిచిన వెంటనే ఆరబెట్టండి, ఎండలో మాత్రం కాదు.