‘గెట్’ అంటే ‘పొందడం’ ఒక్కటేనా? అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగు పిల్లలకు స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతుంటాను. పీజీల్లో ఉంటూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లను బాగా తిప్పలు పెట్టేది పెద్ద పెద్ద మాటలు కాదు, ‘గెట్’ అనే ఈ చిన్న మాటే.

అపోహ: గెట్ అంటే పొందడం. మిగతా అర్థాలు బట్టీ పట్టాల్సిందే.

వాస్తవం: ‘గాట్ మై శాలరీ’ అంటే జీతం అందింది. ‘గాట్ స్కేర్డ్’ అంటే భయపడ్డాను. ‘గాట్ హోమ్’ అంటే ఇల్లు చేరాను. మన ‘పడు’ను చూడండి. జీతం పడింది, వాన పడింది, భయపడ్డాను, నాకు పాలు పడవు. వీటిని మనమెవరం బట్టీ పట్టలేదు, పక్కనున్న మాటను బట్టి పట్టేశాం. గెట్ కూడా అంతే. పక్కన వస్తువుంటే దాదాపుగా దొరకడం, స్థితి ఉంటే అవ్వడం, చోటుంటే చేరడం. ఇలాంటి క్రియలు ఇంగ్లిష్‌లో ఇంకా ఉన్నాయి. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో ‘సెట్’ అనే క్రియ ఒక్కదానికే 430 అర్థాలిచ్చారు.

అపోహ: గెట్ మోటు మాట, ఆఫీసులో వాడకూడదు.

వాస్తవం: మాట్లాడేటప్పుడు నిశ్చింతగా వాడండి. క్లయింట్‌కు రాసే మెయిల్‌లో మాత్రం ‘రిసీవ్’ బాగుంటుంది.

అపోహ: ‘ఐ రిపేర్డ్ మై ల్యాప్‌టాప్’ అన్నా ‘ఐ గాట్ మై ల్యాప్‌టాప్ రిపేర్డ్’ అన్నా ఒకటే.

వాస్తవం: కాదు. కడప కుర్రాడొకడు ఆఫీసు మీటింగ్‌లో మొదటి మాట అన్నాడట. “నువ్వే విప్పి బాగుచేశావా, భలే!” అని మేనేజర్ మెచ్చుకునేసరికి టెన్షన్ పడిపోయాడు. సాయంత్రం క్లాసయ్యాక ఆగి, “అక్కా, షాపులో ఇచ్చానని ఎలా చెప్పాలి?” అని అడిగాడు.

“ముందు తెలుగులో చెప్పు.”

“ల్యాప్‌టాప్ బాగుచేయించాను.”

ఆ ‘ఇంచు’లోనే ఉంది కిటుకంతా. చేశాను అంటే ‘డిడ్ ఇట్’, చేయించాను అంటే ‘గాట్ ఇట్ డన్’. గెట్, తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియకు మూడో రూపం. బోర్డు మీద ఇంత రాయగానే వాడే అందుకున్నాడు: చొక్కా కుట్టించాను, ‘గాట్ మై షర్ట్ స్టిచ్డ్’. నాకెంత సంతోషమేసిందో! అయితే గమనించు, ప్రేమించు లాంటి మాటల్లో ‘ఇంచు’ ఉన్నా మనం ఎవరితోనూ చేయించడం లేదు కదా, వాటికిది వర్తించదు.

అపోహ: బస్సు దిగడాన్ని ‘గెట్ డౌన్’ అనడం పూర్తిగా తప్పు.

వాస్తవం: మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. సిల్క్ బోర్డ్ దగ్గర గెట్ డౌన్ అంటే ఎవరూ తికమకపడరు. బయటి దేశాలవాళ్లకు మాత్రం కిందికి వంగమన్నట్టు వినిపించొచ్చు. వాళ్లతో బస్సుకు, మెట్రోకు ‘గెట్ ఆఫ్’ అనండి, ఆటోకు, కారుకు ‘గెట్ అవుట్ ఆఫ్’ అనండి. లోపల నిలబడి నడవగలిగితే ఎక్కడానికి ఆన్, దిగడానికి ఆఫ్. వంగి దూరాల్సి వస్తే ఇన్, అవుట్ ఆఫ్. బైక్ మీద పైకెక్కి కూర్చుంటాం కాబట్టి దానికీ ఆన్, ఆఫే.